ర్యామ్ నిండితే ఏ పేజీని బయటికి పంపాలో ఓఎస్ ఎలా తేల్చుకుంటుంది?

ఓఎస్ (ఆపరేటింగ్ సిస్టమ్) మెమరీని పేజీలనే చిన్న ముక్కలుగా చూసుకుంటుంది. ఇకమీదట అన్నిటికంటే ఆలస్యంగా అవసరపడే పేజీని తీసేయడమే అత్యుత్తమ పద్ధతి. 1966లో కంప్యూటర్ శాస్త్రవేత్త బెలాడీ చెప్పింది ఇదే. కానీ జరగబోయేది ఓఎస్‌కి తెలియదు కాబట్టి గతాన్ని చూసి అంచనా కడుతుంది: చాలాసేపటి నుంచి ఎవరూ ముట్టని పేజీ ఇకపైనా అక్కర్లేకపోవచ్చు.

అలాగని పేజీని వాడిన ప్రతిసారీ సమయం రాసిపెట్టుకుంటూ పోతే ఆ లెక్కలకే ప్రాసెసర్ అలిసిపోతుంది. అందుకే ఒక చిన్న ఉపాయం. ఏ పేజీ ఎక్కడుందో రాసి ఉండే పేజీ టేబుల్లో ప్రతి పేజీకీ 'యాక్సెస్డ్' (వాడారు) అనే బిట్, అంటే 0 లేదా 1 ఉండే చిన్న గుర్తు, ఉంటుంది. పేజీని ముట్టుకోగానే, చాలా యంత్రాల్లో ప్రాసెసరే దాన్ని 1 చేస్తుంది. ఓఎస్ గడియారం ముల్లులా పేజీల చుట్టూ తిరుగుతూ, బిట్ 1 ఉంటే 0 చేసి వదిలేస్తుంది. మళ్లీ వచ్చేసరికి ఇంకా 0గానే ఉంటే ఆ పేజీ వంతు వచ్చినట్టే. ఒక్క బిట్‌తో ఇంత పని జరగడం నాకు ఇప్పటికీ అబ్బురమే!

ఎంత పాతదన్నది ఒక్కటే కాదు, తీసేయడానికి ఎంత ఖర్చవుతుందో కూడా చూస్తుంది. ఫైలు నుంచి చదివాక మార్పులేవీ జరగని పేజీని ఊరికే వదిలేయొచ్చు, కావాలంటే మళ్లీ చదువుకోవచ్చు. ప్రోగ్రామ్ సొంత డేటా అయితే ముందు స్వాప్‌లోకి, అంటే డిస్క్‌లో ఇందుకోసం ఉంచిన చోటికి, రాయాలి. లినక్స్‌లో ఈ రెండింటిలో ఎటు మొగ్గాలో చెప్పేది స్వాపినెస్ అనే సెట్టింగ్. మామూలుగా 60 ఉంటుంది. దాన్ని 0 చేస్తే స్వాప్ పూర్తిగా ఆగిపోతుందనుకోవడం పొరపాటు. ర్యామ్‌లోనే ఉంచమని ప్రోగ్రామ్ ఎంలాక్ అనే ఆదేశంతో బిగించిన పేజీలను మాత్రం స్వాప్‌కి పంపదు.