మనసు ఒకటి, మతం ఇంకొకటి చెప్పినప్పుడు

తల్లీ,

నీ ఉత్తరం అంది నాలుగు రోజులైంది. రెండుసార్లు జవాబు మొదలుపెట్టి చించేశాను. నువ్వు అడిగినదానికి తొందరపడి ఏదో ఒకటి రాసి పంపాలనిపించలేదు.

చిన్నప్పటి నుంచి నీతో కలిసి పెరిగిన అమ్మాయి వేరే మతం అబ్బాయిని పెళ్లి చేసుకుంటోంది. నువ్వు ప్రతి వారం వెళ్లే ప్రార్థన బృందంలోని పెద్దాయన, ఆ పెళ్లికి వెళ్తే తప్పును ఒప్పుకున్నట్టే అన్నారు. వెళ్లకపోతే స్నేహానికి ద్రోహం చేసినట్టని నీ మనసు పోరుతోంది. "పెదనాన్నా, నా మనస్సాక్షి మాట వినాలా, మతం మాట వినాలా?" అని అడిగావు.

నాకు తోచింది ముందే చెప్పేస్తాను. చివరి నిర్ణయం మనస్సాక్షిదే. మతం చెప్పింది కాబట్టి చేశానన్నా, ఆ మాట వినాలని తీర్మానించుకున్నది నువ్వే కదా. రేపు ఆ అమ్మాయి ఎదురుపడితే తల ఎత్తుకోవాల్సింది కూడా నువ్వే. అయితే ఆ మనస్సాక్షి ఎంత తయారైంది అన్నది వేరే ప్రశ్న. అది పుట్టుకతో పూర్తిగా తయారై రాదు. పెంచుకోవాలి, దిద్దుకోవాలి, అప్పుడప్పుడూ దానితో పోట్లాడాలి కూడా. నాకు ఆ పోట్లాట నేర్పింది ఎక్కువగా మతమే.

ఇలాంటి ఇరకాటంలో నేను రెండుసార్లు పడ్డాను. మొదటిది ఇంతవరకు ఇంట్లో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా ఆఫీసు లెక్కల్లో డబ్బు తేడా వచ్చింది. అది ఎవరి పనో నాకు తెలుసు, కాగితాలు నా చేతుల మీదుగానే వెళ్లాయి. నింద మాత్రం మా అందరికన్నా చిన్నవాడైన ఒక గుమస్తా మీద పడింది. నేను నోరు విప్పలేదు. ఎందుకు విప్పలేదని ఎవరైనా అడిగి ఉంటే చెప్పడానికి నా దగ్గర మంచి మంచి మాటలు ఉన్నాయి. క్షమించడం ధర్మం. ఒకరి తప్పు బయటపెట్టడానికి నేనెవరిని? అన్నీ చూసే దేవుడు పైన ఉన్నాడు, ఎవరి కర్మ వారిది. ఆ రోజుల్లో పొద్దున్నే లేచి పూజ కూడా ఎప్పటికన్నా శ్రద్ధగా చేశాను. అతని ఉద్యోగం పోయింది. పదకొండేళ్ల తర్వాత వెతుక్కుంటూ వెళ్లి అతనితో నిజం చెప్పాను. అతను అరవలేదు, తిట్టలేదు. "అప్పుడెందుకు చెప్పలేదు సార్?" అని ఒక్కటే అడిగాడు. దేవుడి పేరు చెప్పి దాచుకున్నది నా భయాన్నేనని ఆ క్షణంలో అర్థమైంది. క్షమించే హక్కు ఉంటే అది అతనికి ఉంది. దెబ్బ తిన్నది అతను, క్షమించేసింది నేను!

రెండోసారి జరిగింది దీనికి సరిగ్గా తిరగబడ్డ కథ. మీ తాతయ్య మంచం పట్టినప్పుడు నువ్వు పసిదానివి. రెండో ఏడు నడుస్తుండగా నాకు దూరంగా పెద్ద పోస్టు వచ్చింది. ఈసారి నా మనస్సాక్షి ఎంతో ప్రశాంతంగా మాట్లాడింది. నీ బతుకు నువ్వు బతకాలి, డబ్బు పంపుతావు కదా, దగ్గరుండి చూసుకోవడానికి మీ చెల్లెలు ఉంది కదా అని. ఎక్కడా గుచ్చుకోలేదు, రాత్రి నిద్ర కూడా బాగా పట్టింది. నన్ను ఆపింది చిన్నప్పుడు అర్థం తెలియకుండా వల్లించిన నాలుగు మాటలు. "మాతృదేవో భవ, పితృదేవో భవ." ఒకరోజు పూజలో అలవాటుగా ఆ మాట నోట్లోంచి వచ్చి, అక్కడే ఆగిపోయాను. అప్పటికే రాత్రీ పగలూ మేలుకుని మీ అత్త ముఖం ఎంత వాడిపోయిందో, ఆ సాయంత్రమే మొదటిసారి సరిగ్గా చూశాను. ఆ పోస్టు వద్దని రాసేశాను. అందరూ అలాగే చేయాలని అనను. ఇంట్లో పరిస్థితి బట్టి, వెళ్లడమే సరైన వాళ్లూ ఉంటారు. నా విషయంలో మాత్రం మనస్సాక్షి అని నేను అనుకున్నది వట్టి సుఖం మీద ఆశ.

ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని ఏళ్ల తరబడి ఆలోచించాను. నాకు దొరికిన ఆనవాలు ఒకటుంది. మాట్లాడుతున్నది మతమా మనస్సాక్షా అని చూసే ముందు, ఆ మాట వింటే భారం ఎవరి మీద పడుతుందో చూడు. నా మౌనం భారం ఆ గుమస్తా మోశాడు. నా ప్రశాంతత భారం మీ అత్త మోయబోయింది. నీతి అని మనం అనుకునేది ప్రతిసారీ మనకు తేలికగానూ ఎదుటివాడికి బరువుగానూ ఉంటే, ఎక్కడో మోసం ఉంది. మనకే బరువైన మాట చెబుతుంటే దాన్ని ఇంకాస్త నమ్మొచ్చు. ఇది త్రాసులా కచ్చితంగా పనిచేయదని నాకూ తెలుసు. బరువు మోయడమే గొప్ప అనుకుని తమను తాము అకారణంగా హింసించుకునే వాళ్లను కూడా చూశాను. అయినా ఎక్కడ అనుమానపడాలో ఇది చూపిస్తుంది.

జాన్ వూల్మన్ అని 18వ శతాబ్దంలో ఒక క్వేకర్ ఉండేవాడు. క్వేకర్లంటే క్రైస్తవుల్లో ఒక శాఖ వాళ్లు. అప్పటికి అమెరికా ఇంకా బ్రిటిష్ వలసే. 1742లో, ఇరవై రెండేళ్ల వయసులో, న్యూజెర్సీలో ఒక దుకాణంలో గుమస్తాగా ఉన్నాడు. యజమాని తన దగ్గరున్న ఒక నల్లజాతి స్త్రీని అమ్మేసి, అమ్మకం పత్రం రాయమన్నాడు. కొనేవాడు పక్కనే నిలబడి ఉన్నాడు. అతనూ క్వేకరే, పైగా వయసులో పెద్దవాడు. వూల్మన్ మనసు వద్దంది. మా సంఘంలోని పెద్దమనిషే కొంటున్నాడు కదా అని రాసేశాడు. రాసినవాడు ఊరుకోలేక, మనుషుల్ని బానిసలుగా ఉంచుకోవడం మన మతానికి తగని పని అని వాళ్లిద్దరి ముందే అన్నాడు. ఆ తర్వాత మరొకరు అలాంటి పత్రమే రాయమంటే రాయనన్నాడు.

అతను మతాన్ని వదిలేసి బయటికి పోలేదు. ఏళ్ల తరబడి బానిసలున్న క్వేకర్ల ఇళ్లకు వెళ్లి, ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా మాట్లాడేవాడు. అలాంటి ఇంట్లో బస చేస్తే బానిసల సేవను ఊరికే పొందడం ఇష్టం లేక, వాళ్లకు ఇవ్వమని డబ్బు ఇచ్చి వచ్చేవాడు. 1758లో ఫిలడెల్ఫియాలోని క్వేకర్ల వార్షిక సభ, బానిసలున్న సభ్యుల దగ్గరికి మనుషుల్ని పంపి నచ్చజెప్పాలని నిర్ణయించింది. 1776లో ఆ సభే తన సభ్యులు బానిసల్ని ఉంచుకోకూడదంది. అది చూడటానికి వూల్మన్ లేడు, 1772లో మశూచితో పోయాడు. నీకు ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, అతని మనస్సాక్షికి ఆ పదును పెట్టిందీ మతమే, ఆ పదునుతో అతను దిద్దిందీ తన మతాన్నే. నువ్వు ఈ రెంటినీ రెండు శత్రు శిబిరాల్లా రాశావు. అవి అలా ఉండనక్కర్లేదు.

మతాల లోపల కూడా ఈ మాట లేకపోలేదు. ధర్మాన్ని గుర్తుపట్టే నాలుగు ఆనవాళ్లు చెబుతూ మనుస్మృతి వేదం, స్మృతి, మంచివాళ్ల నడవడితో పాటు తన ఆత్మకు తృప్తినిచ్చేదాన్ని కూడా చేర్చింది. ఆ గ్రంథంలో నేను ఒప్పుకోలేనివి చాలా ఉన్నాయి, ఈ వరుస మాత్రం గుర్తుంచుకున్నాను. ఆత్మతృప్తి అందులో చివర వస్తుంది, కానీ వస్తుంది. బుద్ధుడు కాలాములనే తెగ వాళ్లతో అన్న మాట నాకు ఇంకా ఇష్టం. పరంపరగా వచ్చిందనో, గ్రంథంలో ఉందనో, గురువు చెప్పాడనో ఒప్పేసుకోవద్దన్నాడు. చాలామంది అంతవరకే చెప్పి ఆపేస్తారు. వట్టి తర్కాన్ని బట్టి, ముందే మనకు నచ్చిన అభిప్రాయాన్ని బట్టి కూడా ఒప్పుకోవద్దని ఆయన అక్కడే అన్నాడు. హాని చేస్తుందా, మేలు చేస్తుందా, తెలిసినవాళ్లు దాన్ని నిందిస్తారా మెచ్చుకుంటారా అని మీరే చూసి తేల్చుకోండన్నాడు.

ఇక నీ సంగతి. నువ్వు వెళ్లకపోతే భారం ఆ అమ్మాయి మీద. ఆ రోజు అంతమందిలో నీ కోసం వెతుక్కుంటుంది. నువ్వు వెళ్తే భారం నీ మీద. బృందంలో నలుగురూ ముఖం చాటేయొచ్చు, నీకెంతో ఇష్టమైన ఆ చోటు కొన్నాళ్లు పరాయిగా అనిపించొచ్చు. అదేమీ చిన్న నష్టం కాదు, అలా అని నిన్ను మభ్యపెట్టను. నేనైతే వెళ్తాను.

కానీ నా మాట విని వెళ్లకు. అలా వెళ్తే, ఆ పెద్దాయన మాట విని ఆగిపోవడానికీ దీనికీ తేడా ఏముంది? ముందు ఆయన దగ్గరికి వెళ్లి, ఈ నియమం ఎక్కడిది, ఏ మాటల్లో ఉంది అని మర్యాదగా అడుగు. "తప్పు" అని ఆయన దేన్ని అంటున్నారో కూడా అడుగు. కొన్నిసార్లు గ్రంథంలో ఒకటి ఉంటుంది, చెప్పేవాళ్ల భయం దానికి ఇంకొకటి కలుపుతుంది. ఆయన చెప్పేది ఓపిగ్గా విను, మధ్యలో ఎదురు మాట్లాడకు. ఆయన మీద నీకున్న గౌరవం నిజమైనది, దాన్ని ఈ ఒక్క విషయం కోసం పారేసుకోవద్దు. తర్వాత మీ మతం కాని వాళ్లలో, నువ్వు నిజంగా మంచి మనిషి అనుకునే ఒకరిని అడుగు. నీ వైపే మాట్లాడతారని తెలిసిన స్నేహితుల్ని మాత్రం అడగొద్దు, వాళ్లు నువ్వు వినాలనుకున్నదే చెబుతారు. ఆ పైన ఒక రాత్రి నిద్రపో. పొద్దున్న లేచి, "నేను నీ పెళ్లికి రావడం లేదు, కారణం ఇది" అని ఆ అమ్మాయి కళ్లలోకి చూస్తూ చెప్పగలవేమో ఊహించుకో. మాట పెగిలితే ఒక సంగతి. పెగలకపోతే నీకు జవాబు దొరికినట్టే.

వెళ్లాలనుకుంటే పెళ్లికి ముందే పెద్దాయనకు నువ్వే చెప్పు, ఎవరి ద్వారానో తెలియనివ్వకు. వెళ్లకూడదనుకున్నా ఆ అమ్మాయికి నిజమే చెప్పు. ఒంట్లో బాగోలేదనో సెలవు దొరకలేదనో అనకు. అబద్ధం చెప్పి తప్పించుకుంటే రెండు చోట్లా ఓడిపోతావు, నేను ఆ గుమస్తా దగ్గర ఓడిపోయినట్టు.

ఆయన ఏమన్నారో నాకు రాయి. నేను చూడని సంగతి ఆయన మాటల్లో ఏదైనా ఉంటే అది కూడా దాచకుండా రాయి. నేనూ మళ్లీ ఆలోచిస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న