పుస్తకాల మీద మీ ప్రశ్నలు: జిన్నుతో ప్రేమేంటి?

పోయిన నెల ఇంగ్లీషు ఫాంటసీ నవలల గురించి నాలుగు ముక్కలు రాశాక, జిన్నుల ప్రేమకథల మీదే ఎక్కువ ఉత్తరాలొచ్చాయి. అన్నిటికీ ఇక్కడ చోటు లేదు కాబట్టి ఐదు తీసుకున్నాను.

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడు చదువుతున్నాను. ఏడాదిగా జిన్నుల ప్రేమకథలే వరసపెట్టి చదువుతున్నాను. మా అన్నయ్య "దీపం రుద్దితే వచ్చే బొజ్జ భూతంతో ప్రేమేంటే" అని ఒకటే ఏడిపిస్తున్నాడు. నిజంగా ఇది ఈ మధ్య పుట్టిన పిచ్చేనా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీ అన్నయ్యకు లైలా మజ్నూ తెలిసే ఉంటుంది, అక్కడ్నుంచే మొదలుపెట్టండి. మజ్నూ అనేది ఆ కుర్రాడి పేరు కాదు, అతని పేరు ఖైస్. మజ్నూన్ అంటే అరబ్బీలో జిన్ను పట్టినవాడు అని. జిన్ను, జన్నత్, మజ్నూన్ అన్నీ ఒకే ధాతువులోంచి వచ్చిన మాటలు, ఆ ధాతువుకు అర్థం కప్పి ఉంచడం, దాచడం. కంటికి కనబడకుండా ఉండేది జిన్ను, చెట్లు కమ్ముకుని నేల కనబడని తోట జన్నత్, బుద్ధి కప్పబడిపోయినవాడు మజ్నూన్. అంటే ప్రేమకూ జిన్నుకూ చుట్టరికం ఆ మాటలోనే ఉంది. నిజామీ అనే పారశీక కవి ఖైస్ కథను 1188లోనే కావ్యం చేశాడు.

ఇంకా దగ్గరికొస్తే, 17వ శతాబ్దంలో మన గోల్కొండలోనే గవ్వాసీ అనే కవి దక్కనీ భాషలో సైఫుల్ ములూక్, బదీవుల్ జమాల్‌ల కథను మస్నవీగా, అంటే ద్విపదల దీర్ఘ కావ్యంగా రాశాడు. అసలు కథ అరేబియా రాత్రుల్లోది. ఈజిప్టు యువరాజుకు తండ్రి ఒక అంగీ ఇస్తాడు, అది సులేమాను ప్రవక్త పంపిన కానుక. రాత్రి అందరూ నిద్రపోయాక ఆ కుర్రాడు అంగీ విప్పి చూస్తే లోపలి వైపు బంగారు దారాలతో ఒక అమ్మాయి బొమ్మ ఉంటుంది. ఆమె జిన్నుల రాజు కూతురు. అంతే, రాజ్యం వదిలేసి ఓడ ఎక్కుతాడు. మీ ఊరి నుంచి బస్సెక్కితే నాలుగు గంటల్లో చేరే ఊళ్ళో, దాదాపు నాలుగు వందల ఏళ్ళ కిందట, జిన్ను అమ్మాయి మీద ప్రేమను కవులు పద్యాల్లో పాడుకున్నారని మీ అన్నయ్యకు చెప్పండి.

ఇక ఆయన చెప్పే దీపం సంగతి. అల్లావుద్దీన్ కథ అరేబియా రాత్రుల పాత అరబ్బీ రాతప్రతుల్లో లేదు. 1709లో పారిస్‌లో అలెప్పో నుంచి వచ్చిన హన్నా దియాబ్ అనే యువకుడు గాలాన్ అనే అనువాదకుడికి చెబితే, ఆయన దాన్ని తన ఫ్రెంచి పుస్తకంలో చేర్చాడు. కథ జరిగేది చైనాలో, జిన్నులు ఇద్దరు, ఒకరు ఉంగరానికి ఒకరు దీపానికి, మూడు కోరికల లెక్క అసలు లేదు. తెలుగులో మనం దాన్ని భూతం అనేశాం, దాంతో జిన్ను అనగానే పిల్లల బొమ్మల పుస్తకం గుర్తొచ్చే పరిస్థితి వచ్చింది. నాకు ఆ అనువాదం మొదట్నుంచీ నచ్చలేదు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి ఏడాది. రాత్రి పదకొండు దాటినా దుప్పట్లో ఫోను పెట్టుకుని ఇవే చదువుతోంది. మొన్న నేనూ చూశాను, అందులో అబ్బాయి వయసు పద్నాలుగు వందల ఏళ్ళట, అమ్మాయికి ఇరవై! నాకు చాలా టెన్షన్‌గా ఉంది. మాన్పించాలా?
– ఒక తల్లి, విజయవాడ

జవాబు: మీ భయం అర్థమైందమ్మా, అది అనవసరమైన భయమని కూడా నేను అనను. మీరు చూసింది చక్రబర్తి రాసిన 'ది సిటీ ఆఫ్ బ్రాస్' అయి ఉండాలి, 2017లో వచ్చింది. ముందుగా ఒక మాట, అది టీనేజర్ల కోసం వేసిన పుస్తకం కాదు, పెద్దవాళ్ళ ఫాంటసీ. టీనేజర్లు కూడా విరగబడి చదువుతున్నారు కాబట్టి అందరూ ఒకే అరలో పెడుతున్నారు.

కానీ ఫోను లాక్కోకండి. లాక్కుంటే పుస్తకం ఆగదు, మీతో మాట్లాడటం ఆగుతుంది. నేను మా పెద్దమ్మాయితో కలిసి ఇదే పుస్తకం చదివాను, తను పగలు, నేను రాత్రి, భోజనాల దగ్గర ఇద్దరం దారా గురించి రెండు రోజులు పోట్లాడుకున్నాం. దారా అంటే మీరు చెప్పిన ఆ పద్నాలుగు వందల ఏళ్ళ యోధుడే. వందల ఏళ్ళు ఉంగరానికి బానిసగా బతికినవాడు, ఎవడి చేతిలో ఉంగరం ఉంటే వాడు చెప్పిందల్లా చేసినవాడు. అతని మీద జాలి కలగకుండా ఉండదు. అయితే కథ చివర్లో, ఇది ముందే చెప్పేస్తున్నందుకు మీ అమ్మాయి నన్ను తిట్టుకుంటుంది, ఆ ఇరవై ఏళ్ళ అమ్మాయి నహ్రీ నేను రానంటే ఇంకొకడి ప్రాణం అడ్డం పెట్టి ఆమెను లాక్కుపోవాలని చూస్తాడు. రచయిత్రి దాన్ని ప్రేమ కింద జమకట్టదు. నహ్రీ మనసు అక్కడ విరిగిపోతుంది, తర్వాతి రెండు పుస్తకాల్లోనూ ఆ విరిగిన మనసు కనబడుతూనే ఉంటుంది. మా అమ్మాయి ఆ పేజీ దగ్గర పుస్తకం మూసేసి "అమ్మా, వీడు ఆమెను అడగలేదు" అంది. నేను పదిసార్లు చెప్పినా ఎక్కని సంగతి అది.

అందుకే జిన్ను ప్రేమకథ ఏది దొరికినా నేను ముందు చూసేది ఇదే: కాదనే హక్కు ఇద్దరికీ ఉందా? దీపం ఒకరి చేతిలో ఉన్నంతకాలం రెండోవాళ్ళు చెప్పే "నువ్వంటే ఇష్టం"కి ఎంత విలువ? అరేబియా రాత్రుల్లోని జాలరి కథ గుర్తు చేసుకోండి. వలలో పడిన రాగి కూజాలో జిన్ను ఉంటాడు. బందీ అయిన మొదటి నూరేళ్ళూ తనను విడిపించినవాణ్ణి ధనవంతుణ్ణి చేస్తానని ఒట్టు పెట్టుకుంటాడు, ఎవరూ రారు. తర్వాత నిధులన్నీ ఇస్తానంటాడు, అప్పుడూ ఎవరూ రారు. చివరికి ఎవడు విడిపిస్తే వాణ్ణే చంపుతానని ఒట్టేసుకుంటాడు. బందీగా ఉన్న ప్రాణి లోపల ఏం జరుగుతుందో అంతకంటే బాగా చెప్పిన కథ నేను చదవలేదు. ఈ కొత్త నవలల్లో మంచివన్నీ ఆ కూజాలోంచి వచ్చినవే. మీ అమ్మాయిని ఈసారి "ఆ అబ్బాయి వయసెంత" అని కాకుండా "ఆమె కాదంటే అతను ఏం చేస్తాడు" అని అడగండి. అర్ధరాత్రి దాకా మేలుకోవడం మాత్రం మాన్పించండి, పొద్దున్నే కాలేజీ ఉంటుంది కదా.

ప్రశ్న: మా ఇంట్లో జిన్నాతులంటే కథ కాదు, నమ్మకం. మా దాదీ వేడి గంజి పారబోసేముందు బిస్మిల్లా అనేది, కనబడనివాళ్ళ మీద పడుతుందేమోనని. ఈ నవలలు చదువుతుంటే ఇష్టంగానూ ఉంటుంది, మా నమ్మకంతో ఆడుకుంటున్నారేమో అని బాధగానూ ఉంటుంది.
– ఒక విద్యార్థిని, కడప

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. దాదీ గంజి మాట ఎంత బాగుందో. ఆ ఒక్క మాటలో జిన్ను కోరికలు తీర్చే యంత్రం కాదు, పక్కింటి మనిషి. మీరు చదివిన పుస్తకాలను ఆ గంజి గిన్నెతోనే కొలవండి. ఖుర్ఆన్‌లో జిన్నాతులను పొగలేని అగ్నిజ్వాలతో సృష్టించినట్టు ఉంది, వాళ్ళ పేరుతో ఒక సూరానే (అధ్యాయమే) ఉంది, 72వది, 28 ఆయతులు (వాక్యాలు). అందులో ఒక జిన్నుల గుంపు ఖుర్ఆన్ పారాయణం విని విశ్వసిస్తుంది, మాలో మంచివాళ్ళూ ఉన్నారు, కానివాళ్ళూ ఉన్నారు అని తమ గురించి తామే చెప్పుకుంటుంది. అంటే వాళ్ళకూ ఎంచుకునే స్వేచ్ఛ ఉంది, లెక్క అప్పజెప్పాల్సిన బాధ్యత కూడా ఉంది. దీపంలో చేతులు కట్టుకుని నిలబడే బానిస ఈ లెక్కలోకి రాడు.

పైన చెప్పిన చక్రబర్తి నవలలో అలీ అనే జిన్ను యువరాజు నమాజు తప్పనివాడు, మనుషుల రక్తం కలిసిన పేదవాళ్ళకు తండ్రికి తెలియకుండా డబ్బు పంపేవాడు. రచయిత్రి ముస్లిమే. ఆమె జిన్నుల్లో ఆరు తెగలుంటాయి, ఒక తెగ పేరు అగ్నివంశి, ఆ పేరు చూసి నేను కుర్చీలో ఎగిరి కూర్చున్నాను, తెలుగువాళ్ళకు నిఘంటువు అక్కర్లేని మాట కదా. తహెరె మాఫీ రాసిన 'దిస్ వోవెన్ కింగ్‌డమ్' (2022) కూడా చూడండి, ఇరాన్ కుటుంబంలో పుట్టిన రచయిత్రి, పారశీక ఇతిహాసం షానామా వాసన ఉన్న కథ. అందులో జిన్ను అమ్మాయి ఒక పెద్దింట్లో పనిమనిషి, తనెవరో దాచుకుని బతుకుతుంది, ఆమెను చూసి మనసు పారేసుకునేది ఆ దేశపు యువరాజు. బాధ కలిగించే పుస్తకాలూ ఉన్నాయి, కాదనను, ఎడారి, ఒంటె, బురఖా తప్ప ఇంకేమీ తెలియకుండా రాసినవి. అవి సగంలో వదిలేసినా తప్పులేదు.

ప్రశ్న: ఒక్క పుస్తకం చెప్పండి చాలు. మూడు భాగాలవి వద్దు.
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: జెస్సికా ఖూరీ రాసిన 'ది ఫర్బిడెన్ విష్', 2016. అల్లావుద్దీన్ కథే, కానీ చెప్పేది దీపంలోని జిన్ను, ఆమె పేరు జహ్రా. ఒక్క పుస్తకంలో అయిపోతుంది. మూడు భాగాలు ఫర్లేదనిపించిన రోజున ఆల్విన్ హామిల్టన్ రాసిన 'రెబెల్ ఆఫ్ ది శాండ్స్' పట్టుకోండి, తుపాకీ పేల్చే అమ్మాయి కథ, అందులో జిన్నుకూ మనిషికీ పుట్టిన పిల్లలు అబద్ధం ఆడలేరు. ప్రేమకథలో ఆ ఒక్క నియమం ఎంత పని చేస్తుందో చూడండి.

ప్రశ్న: తెలుగులో జిన్ను ప్రేమకథ రాయాలని ఉంది. ఏ మాట వాడాలి? గంధర్వుడు అంటే బాగుంటుందా? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: గంధర్వుడు వేరు, అతని లోకం వేరు. జిన్ను అనే రాయండి, తెలుగు ముస్లిముల ఇళ్ళల్లో ఉన్న మాటే అది, కొత్తగా తయారుచేసుకోవాల్సిన పని లేదు. భూతం మాత్రం వద్దు, ఎందుకో పైన చెప్పాను.

ఇంకో సంగతి, వీలైతే ఒక గురువారం ఢిల్లీలో ఫిరోజ్ షా కోట్లాకు వెళ్ళి రండి. ఫిరోజ్ షా తుగ్లక్ 1354లో కట్టించిన కోట, ఇప్పుడు శిథిలం. అక్కడి జిన్నులకు జనం కాగితం మీద అర్జీలు రాసి పెడతారు. కూతురి పెళ్ళి, కొడుకు ఉద్యోగం, కోర్టు కేసు, అన్నీ. ఒకే అర్జీని జిరాక్సులు తీయించి, గూడు గూడుకీ ఒక్కో కాపీ పెడతారు, గవర్నమెంటు ఆఫీసులో ప్రతి సెక్షనుకీ ఒకటి ఇచ్చినట్టు. అక్కడ ఎవరూ జిన్నును ఆజ్ఞాపించరు, అడుగుతారు, ఆయన దయ తలిస్తే సరే, లేకపోతే వచ్చే గురువారం మళ్ళీ వస్తారు. మీ నాయిక అలాంటి అర్జీ రాయడానికి కూర్చుందనుకోండి, మొదటి వాక్యం ఏం రాస్తుంది? మీరూ అక్కడే మొదలుపెట్టండి. మీ జిన్ను ఏం చేయగలడో కంటే ఏం చేయలేడో ముందు తేల్చుకోండి, అబద్ధం ఆడలేడా, ఇనుము ముట్టలేడా, పేరు పెట్టి పిలిస్తే పలక్క తప్పదా, ఏదో ఒకటి. కథ నెల్లూరులోనే పెట్టండి, మీకు తెలిసిన దర్గా, మీకు తెలిసిన వీధి. మూడు అధ్యాయాలయ్యాక పంపండి, చేతిరాతైనా ఫర్లేదు, చదివి జవాబు రాస్తాను.