రెండు రకాల ఆటలను పోల్చబోతున్న తమ్ముడికి

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

వీడియో గేముల్లో ప్లాట్‌ఫార్మింగ్ సాహస ఆటలనూ (దూకుతూ, ఎక్కుతూ అడ్డంకులు దాటేవి) ఓపెన్ వరల్డ్ యాక్షన్ ఆటలనూ (విశాలమైన లోకంలో ఇష్టమొచ్చిన వైపు తిరిగేవి) పోలుస్తూ వ్యాసం ఎలా రాయాలని అడిగావు. మ్యాపు ఎంత పెద్దది, ఆట ఎన్ని గంటలు వస్తుంది అనే లెక్కలను ముందు పక్కన పెట్టు. ఆ కొలతతో చూస్తే ఎప్పుడూ రెండో రకమే గెలుస్తుంది; మొదటి రకం దేనికోసం శ్రమపడిందో నీకు కనబడనే కనబడదు.

రెండింటిలోనూ ఉన్న ఒకే పనిని ఎంచుకో. మొదటి రకానికి చెందిన, 2018లో వచ్చిన సెలెస్ట్‌లోనూ, రెండో రకానికి చెందిన, 2017 నాటి జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్‌లోనూ గోడ ఎక్కుతుంటే పాత్ర ఓపిక (స్టామినా) తరిగిపోతుంది. సెలెస్ట్‌లో దానికి కొలబద్ద ఉండదు. ఓపిక అయిపోవస్తే పాత్ర ఎర్రగా మెరుస్తుంది. ఆ గోడ ఎత్తు, ముళ్లు ఉన్న చోటు, పట్టు వదిలి దూకవలసిన క్షణం అన్నీ రూపకర్త ముందే కొలిచి పెట్టినవి. అంచు దాటి గాలిలోకి వెళ్లాక కూడా సెకనులో పదో వంతు సేపు దూకనిస్తుంది కాబట్టి, మీట నొక్కడం కాస్త ఆలస్యమైనా ఆట మన్నిస్తుంది. అంత కఠినమైన ఆట విసుగు పుట్టించకపోవడానికి ఈ మన్నింపు ఒక ముఖ్య కారణమని నా నమ్మకం.

జెల్డాలో ఆ కొలిచే బాధ్యత ఆటగాడిది. కొండ కింద నిలబడి, తన ఓపిక ఎంతవరకు వస్తుందో, మధ్యలో ఆగడానికి చదునైన చోటు ఎక్కడుందో కంటితోనే అంచనా వేసుకోవాలి. అంతలో వాన కురిస్తే రాయి జారి ఆ లెక్క తప్పుతుంది. అయితే ఈ స్వేచ్ఛ మొదటి నుంచీ దక్కేది కాదు. ఆట మొదలయ్యే పీఠభూమి గ్రేట్ ప్లాటోలో నాలుగు ఆలయాలు పూర్తిచేసి, గాలిలో తేలుతూ కిందికి దిగడానికి పనికొచ్చే పారాగ్లైడర్ సంపాదించే దాకా బయటి లోకంలోకి దిగే దారి లేదు. హద్దులు గీసి నేర్పడం ప్లాట్‌ఫార్మర్లకే చెందిన విద్య అనుకునేవారికి ఈ భాగం మంచి జవాబు, దీన్ని తప్పక ప్రస్తావించు.

బొమ్మల అందం గురించి ఒక వాక్యం చాలు. జెల్డాలో సెట్టింగుల్లోకి వెళ్లి తెరపై సూచనలను చాలావరకు దాచే ప్రో మోడ్ పెట్టుకుని, మూలన కనబడే మినీ మ్యాపు లేకుండా కొంతసేపు తిరుగు. దారి వెతకడంలో ఆ లోకం ఎంత సాయపడుతుందో అప్పుడే తెలుస్తుంది. సెలెస్ట్‌లో ఆటను తేలిక చేసే అసిస్ట్ మోడ్ వాడితే ఆ సంగతి వ్యాసంలో స్పష్టంగా రాయి, ఎందుకంటే కష్టం గురించి నీ మాటను పాఠకుడు దాన్ని బట్టే తూచుకుంటాడు. గోడ ఎక్కడం గురించిన పేరా పూర్తికాగానే ముందు దాన్ని నాకు పంపు.

నీ అన్నయ్య