మొక్కల ముచ్చట: ఆకు మాడింది దాహంతో కాదమ్మా!

ప్రశ్న: మాది అనంతపురం. పోయినేడు బెంగళూరు నుంచి తెచ్చుకున్న మాన్‌స్టెరా (పెద్ద ఆకులకు చీలికలు వచ్చే తీగ) మొక్క ఇప్పుడు నా నడుం ఎత్తు పెరిగింది. హాల్లో పడమటి కిటికీ దగ్గర పెట్టాను. మార్చి నుంచి ఆకుల అంచులు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పొడి అవుతున్నాయి. ఎండలు ముదిరాయి కదా అని పొద్దున, సాయంత్రం బోరు నీళ్లు పోస్తున్నాను, ఆకుల మీద స్ప్రే కూడా చేస్తున్నాను. అయినా కింది ఆకులు పసుపెక్కాయి. కొత్త ఆకులకు చీలికలు లేవు. కుండీలో మట్టి మీద తెల్లగా పొడిలా పేరుకుంది. ఇది మన ఊరికి పనికిరాదు, ఎవరికైనా ఇచ్చెయ్ అంటున్నారు ఇంట్లోవాళ్లు. నాకేమో మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: ఎవరికీ ఇవ్వొద్దమ్మా. నేనూ ఈ ఊళ్లోనే ఉంటాను. మా వరండాలో మాన్‌స్టెరా కిటికీ పైకంటా పాకింది. కాబట్టి మన ఊరికి పనికిరాదన్న మాట పక్కన పెట్టండి.

మీ ఉత్తరంలో అసలు సంగతి చెప్పింది ఆ తెల్లపొడి. అది బోరు నీళ్లలోని ఉప్పు. మన కుళాయి మూతులకు, గీజర్ కాయిల్‌కు పట్టేది కూడా అదే. కుండీలో నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మట్టిలోనే మిగిలిపోతుంది. మీరు ఎంత ఎక్కువసార్లు పోస్తే అంత ఉప్పు చేరుతుంది. మట్టిలో ఉప్పు పెరిగితే పక్కనే తడి ఉన్నా వేరు దాన్ని పీల్చుకోలేదు. లోపలికి వెళ్లిన కాస్త ఉప్పూ నీటితో పాటు ఆకు చివరిదాకా పోయి అక్కడ ఆగుతుంది. అందుకే ముందు మాడేది అంచు. ఇక మట్టి ఎప్పుడూ బురదగా ఉంటే వేళ్లకు గాలి అందదు, కుళ్లడం మొదలవుతుంది. కింది ఆకులు పసుపెక్కడం దానికి గుర్తు. మొక్క వాడితే మనం దాహమనుకుని ఇంకో చెంబు పోస్తాం. ఎండాకాలంలో మన ఇళ్లలో పోయే కుండీ మొక్కల్లో చాలావరకు ఇలాగే పోతాయని నా నమ్మకం.

ఈ మొక్క పుట్టిన చోటు దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా ఉన్న వాన అడవులు. పెద్ద మానులను పట్టుకుని, వాటి నీడలో పైకి పాకుతుంది. వేడి దానికి కొత్త కాదు, పొడిగాలి కొత్త. మనదేమో పడమటి కనుమల వాననీడలో, ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే ఊరు. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటాక మాన్‌స్టెరా పెరగడం దాదాపు ఆపేస్తుంది. పెరగని మొక్కకు నీళ్లూ తక్కువే చాలు, ఎరువు అసలు వద్దు. ఎరువు కూడా మట్టిలో చేరే ఉప్పే కదా.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. చూపుడువేలు రెండో కణుపు దాకా మట్టిలోకి దించండి. వేలికి చల్లగా తగిలి, మట్టి అంటుకుంటే ఆ రోజు నీళ్లు పోయొద్దు. పొడిగా ఉంటేనే కుండీ అడుగు నుంచి కారేదాకా నిండుగా పోసి, కింద పళ్లెంలో చేరింది పారబోయండి. పోసేది పొద్దున్నే. మధ్యాహ్నం మిద్దె మీద ట్యాంకు నీళ్లు చేయి పెట్టలేనంత కాగుతాయి, వేళ్లు ఉడికిపోతాయి. కుండీ అడుగు రంధ్రం దగ్గర ముక్కు పెట్టి వాసన చూడండి. మురుగు వాసన వస్తే ఆగకూడదు. మొక్కను బయటికి తీసి, నల్లగా మెత్తబడిన వేళ్లు కత్తిరించి కొత్త మట్టిలో నాటండి. వాసన లేకపోతే ఈ ఎండల్లో వేళ్లను కదపొద్దు, కుండీ మార్చడం వానలు మొదలయ్యాక పెట్టుకోండి.

ఉప్పు కడగడానికి మంచి నీళ్లు మీ ఇంట్లోనే ఉండొచ్చు. ఏసీ పైపు నుంచి కారే నీళ్లను బకెట్‌లో పట్టండి, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. పైన ఆ తెల్లపొరను చెంచాతో గీసి తీసేసి, మట్టి కాస్త ఆరాక కుండీకి రెండింతల నీళ్లు మెల్లగా పోసి పూర్తిగా కారనివ్వండి. ఆర్వో మెషీన్‌లో శుద్ధి అయి వచ్చే నీళ్లయినా సరే. పక్క పైపు నుంచి వృథాగా పోయే ఆర్వో నీళ్లు మాత్రం వాడొద్దు, వాటిలో బోరు నీళ్లకంటే ఎక్కువ ఉప్పు ఉంటుంది. వాన పడినప్పుడు డ్రమ్ములో పట్టి పెట్టుకుంటే అంతకు మించింది లేదు.

స్ప్రే ఆపేయండి. అది ఇచ్చే తేమ కాసేపటికే పోతుంది, ఆకుల మీద ఉప్పు మచ్చలు మిగులుతాయి. దానికంటే నీళ్ల కూలర్ ఉన్న గదిలో పెట్టండి. కూలర్ గాలి తేమగా ఉంటుంది, ఏసీ గాలి పొడిగా ఉంటుంది. ఏ గాలీ నేరుగా ఆకులకు కొట్టకూడదు. మట్టి మీద రెండు వేళ్ల మందాన శెనక్కాయ పొట్టు పరిస్తే తడి తొందరగా ఆరదు. మన జిల్లాలో దానికి కొదవేముంది! ఉప్పు వేసి వేయించిన కాయల పొట్టు మాత్రం కాకుండా చూసుకోండి.

కిటికీ సంగతి. చీలికలు రాలేదంటే ఆకులకు వయసు చాలలేదు, లేదా వెలుతురు చాలలేదు. మీరు పడమటి కిటికీకి మందపాటి కర్టెన్ వేసి ఉంచుతున్నారని నా అనుమానం. అలాగని కర్టెన్ తీసేస్తే మధ్యాహ్నపు ఎండకు ఆకు నడిమధ్య తెల్లగా పాలిపోయి మాడుతుంది. తూర్పు కిటికీకి మార్చండి, లేదా పల్చటి తెల్లబట్ట కట్టండి. కొబ్బరి తాడు చుట్టిన కర్రను కుండీలో దింపి కాండాన్ని దానికి కట్టండి. ఊతం దొరికితే ఆకులు పెద్దవిగా వస్తాయి. మాడిన అంచు మళ్లీ పచ్చబడదు, దాని గురించి టెన్షన్ పడకండి. కొత్త ఆకు అంచు ఎలా ఉందో అదే చూడండి.

ప్రశ్న: హాల్లో అరేకా పామ్ ఆకులు దుమ్ము కొట్టినట్టు పాలిపోయాయి. కింద సాలెగూడులాంటి సన్నటి బూజు కనిపిస్తోంది. నర్సరీలో ఆకులు మెరవడానికి ఏదో స్ప్రే ఇచ్చారు. కొట్టమంటారా?
- ఒక పాఠకుడు, కడప

జవాబు: వద్దు నాయనా, అది మెరుపు కోసమే. తెల్లకాగితం ఆకు కింద పట్టి రెండుసార్లు తట్టండి. కాగితం మీద పడిన చుక్కలు కదిలితే అవి ఎర్ర నల్లి, ఆకు రసం పీల్చే సన్నటి పురుగులు. వేడి, పొడిగాలి ఉంటే అవి విపరీతంగా పెరుగుతాయి. మొక్కను బాత్రూంలోకి తీసుకెళ్లి ఆకుల అడుగు భాగం షవర్‌తో బాగా కడగండి. సాయంత్రం చల్లబడ్డాక లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు ద్రావణం కలిపి కొట్టండి. వారానికోసారి, నల్లి పోయేదాకా.

ప్రశ్న: మా మనవడు పాకుతున్నాడు. ఇంట్లో మాన్‌స్టెరా ఉండొచ్చా?
- ఒక అమ్మమ్మ, కర్నూలు

జవాబు: ఉండొచ్చమ్మా, బాబుకు అందనంత ఎత్తున. ఆకులో, కాడలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. నమిలితే నోరు మండుతుంది, పెదవులు వాస్తాయి. ఎప్పుడైనా కొరికాడంటే నోరు తడిబట్టతో తుడిచి, చల్లటి నీళ్లు కొద్దికొద్దిగా తాగించండి. వాపు పెరిగినా, మింగడానికో ఊపిరికో ఇబ్బంది పడినా వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఆకులు కత్తిరించిన రోజు ముక్కలు నేల మీద వదలకుండా ఏరేసి, బాబును ఎత్తుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి.