వేపగిన్నె నాలుగు రోజులకే పగిలింది, ఎందుకు?

ప్రశ్న: వేసవి గాలివానకి మా పెరట్లో వేపచెట్టు కూలింది. దుంగలు కోయించి, ఒకదాన్ని గుండ్రంగా ఉన్నదున్నట్టే, కర్రని తిప్పే యంత్రం లేత్‌కి ఎక్కించి గిన్నె తొలిచాను. చాలా అందంగా వచ్చింది కానీ నాలుగో రోజుకి అంచు నుంచి అడుగు దాకా పగిలిపోయింది. మిగతా దుంగలూ కొసల్లో నెర్రెలు విడుస్తున్నాయి. వేప ఈ పనికి పనికిరాదా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: వేపని తిట్టకండి, తప్పు చెట్టుది కాదు. పచ్చి చెక్క ఆరేటప్పుడు అన్ని వైపులా ఒకేలా కుదించుకోదు. నడిమి నుంచి బెరడు వైపు ఎంత కుదించుకుంటుందో, వలయాల వెంట చుట్టూ దాదాపు దానికి రెట్టింపు కుదించుకుంటుంది. అందుకే నడిమి బొట్టుతో (వలయాల మధ్యలో ఉండే చుక్కతో) సహా నిండు గుండ్రంగా వదిలేసిన దుంగ ఎక్కడో ఒకచోట విచ్చుకోక తప్పదు.

మిగిలిన దుంగల పని ఇవాళే మొదలుపెట్టండి. పగిలిన కొసలు కోసేసి, ప్రతి దుంగనీ బొట్టు మీదుగా నిలువునా రెండు చేయించండి. రెండు ముక్కల్లోనూ ఆ నడిమి భాగం ఒక అంగుళం తీసేయండి, మనసొప్పకపోయినా సరే. కొసలకి కరిగించిన కొవ్వొత్తి మైనమో, ఇంట్లో మిగిలిన పాత పెయింటో రెండు పూతలు దట్టంగా పట్టించండి, ఎందుకంటే చెక్కలోని నీరు పక్కల నుంచి కంటే కొసల నుంచే చాలా వేగంగా పోతుంది. నీడన, ఇటుకల మీద పేర్చండి. డాబా మీద ఎండకి మాత్రం పెట్టొద్దు.

ఇప్పుడు అసలు సంగతి. గిన్నెని పచ్చిగా ఉండగానే తొలవాలి, కానీ పూర్తి చేయకూడదు. పది అంగుళాల గిన్నె అయితే గోడ అంగుళం మందం ఉంచి ఆపేయండి. పచ్చి వేప మీద ఉలి పెడితే మొహం మీద సన్నటి తుంపర పడుతుంది, పొడుగాటి మెత్తటి చుట్టలు వస్తాయి, ఆ పని చేస్తుంటే చేతికి హాయిగా ఉంటుంది. ఆ పొట్టుతోనే గిన్నెని కాగితం సంచిలో పెట్టి, వంటింటి తూకం మీద బరువు చూసి, తేదీతో సహా అడుగున పెన్సిల్‌తో రాయండి. వారానికోసారి తూచండి. మూడు నాలుగు వారాలు బరువు మారకపోతే ఆరినట్టే. దీనికి నెలలు పడుతుంది. అప్పటికి గిన్నె కోలగా వంగి ఉంటుంది, కంగారు పడకండి, ఆ అంగుళం మందం ఉంచింది అందుకే, మళ్ళీ లేత్‌కి ఎక్కించి గుండ్రం చేసుకోవడానికి. నా మొదటి చింతకర్ర గిన్నెకి ఇంత ఓపిక పట్టలేక రెండో వారమే నునుపు చేసేశాను, అది చీలిన రోజు అన్నం సహించలేదు.

ఒక మాట, వేప పొడి ముక్కుకీ గొంతుకీ పడదు. మాస్క్ లేకుండా లేత్ ముందు నిలబడొద్దు.

ప్రశ్న: ఏటికొప్పాక బొమ్మల్లా చేయాలని అంకుడు కర్ర తెచ్చాను. నెల తిరక్కుండానే మచ్చలు పడ్డాయి.
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: పైన చెప్పినదాన్ని అంకుడుకి అలాగే పట్టించొద్దు. ఇది గిచ్చితే పాలు కారే చెట్టు, చెక్క దంతంలా తెల్లగా ఉంటుంది, ఆ తెలుపే దాని విలువ. బెరడుతో ముసుగేసి ఉంచితే బూజు పట్టి నల్లబడుతుంది. తేగానే బెరడు ఒలిచి, పొట్టి ముక్కలు కోసి, గాలి ఆడే నీడలో విడివిడిగా నిలబెట్టండి. బాగా ఆరాకే రంగు జోలికి వెళ్ళండి. తిరుగుతున్న బొమ్మకి లక్క కడ్డీ ఒత్తితే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో రుద్ది మెరుపు తెస్తారు. లోపల తడి ఉంటే ఆ లక్క సరిగా పట్టదు.

ప్రశ్న: ఎర్రచందనం ముక్కలు చవగ్గా ఇస్తామంటున్నారు. కొనొచ్చా?
– ఒక పాఠకుడు, కడప

జవాబు: వద్దు. అటవీశాఖ కాగితం లేని ముక్క ఇంట్లో ఉంటేనే కేసు. గట్టి చెక్క కావాలంటే పాత ఇళ్ళు పడగొట్టే చోటికి వెళ్ళండి. టేకు దూలాలు, ద్వారబంధాలు, తరిమెన (పాతకాలపు లేత్) పట్టిన మంచం కోళ్ళు దొరుకుతాయి, ఏళ్ళ తరబడి ఆరిన కర్ర. కోసే ముందు నాలుగు వైపులా అయస్కాంతం తిప్పి చూడండి. లోపల విరిగిన మేకు ఉంటే ఉలి అంచు పోతుంది, ఒక్కోసారి కంటికే ప్రమాదం.