డిపాజిట్ కట్టే ముందు ఒక మాట

హారికా,

కరీబియన్ దీవి గ్రెనడాలో మెడిసిన్ సీటు వచ్చిందని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసింది. ఐర్లండ్ జవాబు ఇంకా రాలేదట కదా. ఇక్కడ కెనడా కాలేజీల్లో రెండుసార్లు రాకపోయినా నువ్వు పట్టు వదలనందుకు నాకు చాలా సంతోషం. అయితే అసలు కష్టం సీటు దగ్గర కాదు, తిరిగొచ్చి రెసిడెన్సీ, అంటే డిగ్రీ తర్వాత ఆస్పత్రిలో చేసే శిక్షణ, తెచ్చుకోవడం దగ్గర. అందుకని ఆ చివర నుంచి వెనక్కి లెక్కేసుకుని కాలేజీ ఎంచుకో.

ఇక్కడే పుట్టాను, కెనడా పాస్‌పోర్ట్ ఉంది కదా అని ధీమాగా ఉండకు. ఇక్కడ రెసిడెన్సీ సీట్లు కేటాయించే కార్మ్స్ మ్యాచ్‌కి సిటిజనో, పీఆరో (పర్మనెంట్ రెసిడెంటో) అయి ఉండాలి, నిజమే. కానీ ఏ వరుసలో నిలబెడతారనేది ఎక్కడ చదివావన్న దాన్నిబట్టే ఉంటుంది. గుంటూరులో ఎంబీబీఎస్ చదివొచ్చిన నేనూ, మిసిసాగాలో పెరిగి గ్రెనడాలో చదివే నువ్వూ వాళ్ల లెక్కలో ఐఎంజీలమే, అంటే విదేశాల్లో మెడిసిన్ చదివినవాళ్లమే. చాలా ప్రావిన్సుల్లో మొదటి రౌండులో మనకి విడిగా కొన్ని సీట్లే ఉంటాయి. వాటిలో ఫ్యామిలీ మెడిసినే ఎక్కువ. సర్జరీ సీట్లు వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

మాకు తెలిసినవాళ్ల అబ్బాయి ఆర్థోపెడిక్స్ తప్ప ఇంకోదానికి అప్లై చెయ్యనన్నాడు. మార్కులకేం లోటు లేదు. రెండేళ్లు వరసగా మ్యాచ్ కాలేదు. మూడో ఏడు ఫ్యామిలీ మెడిసిన్‌కి వెళ్తే, ఇంటర్వ్యూలో "ఇన్నాళ్లూ ఇది ఎందుకు వద్దనుకున్నావు?" అని అడిగారు. వాడి దగ్గర సమాధానం లేదు. ఆ రాత్రి వాళ్లమ్మ ఫోన్‌లో ఏడుస్తుంటే ఏం చెప్పాలో నాకూ తోచలేదు. ఫ్యామిలీ డాక్టరుగా బతకడం నీకు మనస్ఫూర్తిగా ఇష్టమేనా? ఇప్పుడే ఆలోచించుకో. కాదంటే ఈ దారిలో వెళ్లొద్దనే నా సలహా.

ఇక కాలేజీ సంగతి. వరల్డ్ డైరెక్టరీ ఆఫ్ మెడికల్ స్కూల్స్‌లో దాని పేరు కింద ఆ డిగ్రీ కెనడాలో చెల్లుతుందని నోట్ ఉందో లేదో ముందు చూడు. లేకపోతే ఆ కాలేజీ మాటే మర్చిపో. ఆస్ట్రేలియాలో చదువు సాధారణంగా ఏడాది చివర్లో పూర్తవుతుంది, ఇక్కడ రెసిడెన్సీ జులై 1న మొదలవుతుంది. మధ్యలో ఆరేడు నెలలు ఖాళీ. ఐర్లండ్‌లో వేసవికి పూర్తవుతుంది కాబట్టి ఆ చిక్కు లేదు. డిగ్రీ అయినవాళ్లకి అక్కడ నాలుగేళ్ల కోర్సు కూడా ఉంది. గ్రెనడా అయితే చివరి రెండేళ్లు ఎక్కువగా అమెరికా ఆస్పత్రుల్లో తిరుగుతావు. అమెరికా రెసిడెన్సీకి అది బాగా పనికొస్తుంది.

ఆ తలుపు కూడా తెరిచే ఉంచుకో. కెనడాకి కావలసిన ఎంసీసీక్యూఈ పార్ట్ 1, ఎన్ఏసీ పరీక్షలతో పాటు అమెరికా లైసెన్సు పరీక్ష యూఎస్ఎంఎల్ఈ కూడా రాయి. అక్కడ రెసిడెన్సీ చెయ్యడానికి తీసుకునే జే-1 వీసాకి హెల్త్ కెనడా నుంచి స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్ అనే ఉత్తరం కావాలి, దానికి ముందే అప్లై చెయ్యాలి. ఫ్యామిలీ మెడిసిన్ అక్కడ మూడేళ్లు, ఇక్కడ రెండేళ్లే. సైకియాట్రీ అక్కడ నాలుగు, ఇక్కడ ఐదు. తిరిగొచ్చేటప్పుడు ఈ తేడా అడ్డం రాకుండా చూసుకో.

ఎలెక్టివ్‌లు, అంటే చదువుకుంటూనే వేరే ఆస్పత్రిలో కొన్ని వారాలు చేసే పని, కెనడాలో దొరకడం కష్టం. అయినా ఒక్కటైనా సంపాదించు. ఇక్కడి డాక్టరు నీ పని కళ్లారా చూసి రాసే ఉత్తరానికి చాలా విలువ ఉంటుంది.

ఒంటారియోలో మ్యాచ్ అయితే ఐదేళ్ల రిటర్న్ ఆఫ్ సర్వీస్‌కి, అంటే శిక్షణ అయ్యాక వాళ్లు ఒప్పుకున్న చోట పనిచేస్తానని, సంతకం పెట్టాలి. నేను సడ్‌బరీ అవతల ఒక చిన్న ఊళ్లో చేశాను. మొదటి చలికాలం మీ అత్తయ్య రోజూ వెళ్లిపోదామనేది. గడువు తీరాక ఇంకో మూడేళ్లు ఉండిపోయాం. ఆ ఊళ్లో నేను పురుడు పోసిన పిల్లలు ఇప్పుడు హైస్కూల్లో ఉన్నారు. పండక్కి కార్డులు పంపుతుంటారు.

బావగారు ఇల్లు తాకట్టు పెడతానంటున్నారని విన్నాను. ఇంకా ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దని చెప్పు. బ్యాంకుల్లో స్టూడెంట్ లైన్ ఆఫ్ క్రెడిట్ అని, కావలసినప్పుడల్లా కొంచెం కొంచెంగా తీసుకునే చదువు అప్పు ఉంటుంది. నీ కాలేజీకి ఇస్తారో లేదో ముందు కనుక్కోండి.

ఆదివారం పొద్దున ఇంట్లోనే ఉంటాను. ఆఫర్ లెటరూ ఫీజుల కాగితాలూ దగ్గర పెట్టుకుని ఫోన్ చెయ్యి, ఒక్కో పేజీ కలిసి చదువుదాం.

మీ మామయ్య