రాజు గాని, ఆఠీను గాని

సందేహం: ఇంటర్ చదువుతున్న మా అమ్మాయి లెక్కల్లో ఇలా ఉంది: "52 ముక్కల పేక కట్టలోంచి ఒక ముక్క తీస్తే అది రాజు లేదా ఆఠీను అయ్యే సంభావ్యత ఎంత?" తను 17/52 అంది. 'లేదా' అన్నారు కదా, రెండూ అయిన ఆఠీను రాజును వదిలేయాలని నేను 15/52 అన్నాను. జవాబు 4/13 అని ఇచ్చారు. తెలుగు ప్రకారం నాది తప్పా?

సమాధానం: తెలుగు ప్రకారం మీది తప్పని అనలేను. 'లేదా'లో 'లేకపోతే' అన్న అర్థం ఉంది. హోటల్లో "టిఫిన్‌తో కాఫీ లేదా టీ ఉచితం" అని రాస్తే రెండూ తెమ్మని అడగం. మీ చెవి అలా విన్నది. లెక్కల వాళ్ల 'లేదా' వేరు. ఇదైనా, అదైనా, రెండూ అయినా వాళ్లకు సరే. సమితుల్లో దీన్ని సమ్మేళనం అంటారు.

ఆఠీన్లు 13, రాజులు 4, మొత్తం 17. కానీ ఆఠీను రాజు రెండు గుంపుల్లోనూ చేయెత్తాడు. ఒకసారి తీసేస్తే 16. 16/52 అంటే 4/13. మీ అమ్మాయి అతన్ని రెండుసార్లు లెక్కపెట్టింది, మీరు అసలు లెక్కపెట్టలేదు!

నన్నడిగితే ఇక్కడ 'గాని' వాడాలి. "జ్వరం గాని దగ్గు గాని ఉన్నవాళ్లు ఇటు రండి" అని నర్సు పిలిస్తే, నాకు రెండూ ఉన్నాయే అని ఎవరూ ఆగిపోరు. "రాజు గాని ఆఠీను గాని అయ్యే" అని రాసి ఉంటే మీ ఇంట్లో ఈ గొడవే వచ్చేది కాదు.

'లేదా' కంటే చిక్కు తెచ్చేది 'ఊ'. "రాజులూ ఆఠీన్లూ తీసి ఇవ్వు" అంటే మీరు 16 ముక్కలిస్తారు. "రాజూ ఆఠీనూ అయిన ముక్క ఇవ్వు" అంటే ఒక్కటే. అదే 'ఊ' మొదటి వాక్యంలో సమ్మేళనం, రెండో వాక్యంలో ఛేదనం. తేడా అంతా 'అయిన'లో ఉంది. అందుకే పుస్తకాల్లో కనిపించే 'మరియు' నాకు నచ్చదు, ఈ తేడాను అది చెప్పలేదు. ఛేదనమంటే నరకడం కదా, ఉమ్మడి భాగానికి ఆ పేరేమిటని కొందరు అడుగుతుంటారు. రెండు గీతలు ఒకదాన్నొకటి కోసుకునే చోటు రెండింటికీ చెందుతుంది, అందుకని.

"రాజు లేదా రాణి" అన్నప్పుడు ఈ బాధ లేదు. రెండూ అయిన ముక్క కట్టలోనే లేదు. లెక్కల్లో వీటిని పరస్పర వివర్జిత ఘటనలు అంటారు. నాలుగూ నాలుగూ ఎనిమిది, 8/52 అంటే 2/13. తీసేయాల్సిందేమీ లేదు.

ఇక మీ 15/52 కూడా వృథా కాదు. ప్రశ్నలో "రాజు, ఆఠీను, ఈ రెండింటిలో ఏదో ఒక్కటి మాత్రమే అయ్యే" అని ఉంటే అదే సరైన జవాబు.